ఎత్తు తగ్గించకుండా ఆడి టీటీ కారు సస్పెన్షన్ మార్చాను: రెండేళ్ళ తర్వాత

బెంగళూరులో పాత స్పోర్ట్స్ కారు కొన్నవాడికి అడక్కుండానే దొరికే సలహా ఒకటుంది: "కొంచెం కిందకి దించెయ్ బ్రో." చూడ్డానికి బాగుంటుంది, మలుపుల్లో ఒరగదు అంటారు. ఆ సలహా ఇచ్చినవాళ్ళలో సగం మంది తమ అపార్ట్‌మెంట్ ర్యాంపు ఎక్కాలంటే కారుని ఐమూలగా తిప్పి, పక్కసీటు వాళ్ళని దింపి, బంపర్ కింద చూడమని నిలబెడతారు. నేను దించలేదు. కంపెనీ స్ప్రింగులు అలాగే ఉంచి, షాక్ అబ్జార్బర్లు నాలుగూ బిల్‌స్టైన్ బీ6 వేయించాను. 18 అంగుళాల చక్రాల నుంచి 17కి వచ్చాను. సస్పెన్షన్ కీళ్ళలో అరిగిన రబ్బరు బుష్‌లు, మౌంట్లు మార్పించాను. రెండేళ్ళు దాటింది కాబట్టి ఇప్పుడు రాస్తే కొంచెం అర్థం ఉంటుంది.

కారు ఆడి టీటీ, రెండో తరం. 2.0 టర్బో పెట్రోల్, 211 హెచ్‌పీ, క్వాట్రో (అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ శక్తి అందే రకం). పైకి ఎంత స్టైలుగా ఉన్నా అడుగున ఐదో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ కారు వాడిన ప్లాట్‌ఫామే. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు (స్ప్రింగూ షాకూ కలిసిన నిలువు కడ్డీలు), వెనక ఒక్కో చక్రాన్ని పట్టుకునే నాలుగు లింకులు. అందువల్ల సస్పెన్షన్ సామాన్లకి కరువు లేదు. ఒక్కటే జాగ్రత్త: ఆ ప్లాట్‌ఫామ్‌లో ముందు స్ట్రట్ మందం 50 మిల్లీమీటర్లు, 55 మిల్లీమీటర్లు అని రెండు రకాలున్నాయి. ఆర్డర్ పెట్టే ముందు కొలిపించుకోండి. నా కారుకి 55. ఇంకో మాట, మీ టీటీలో మాగ్నెటిక్ రైడ్ (కరెంటుతో గట్టిదనం మారే షాకులు) ఉంటే ఈ సమీక్ష మీకు పూర్తిగా పనికిరాదు. దాన్ని తీసి మామూలు షాకులు వేస్తే డ్యాష్‌బోర్డు మీద వార్నింగ్ లైటు వస్తుంది, కారు కంప్యూటర్‌లో కోడింగ్ మార్పించాలి. నాది మామూలు సస్పెన్షనే.

మార్చాల్సిన అవసరం ఎలా తెలిసిందంటే, ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ మీద. అక్కడ ప్రతి ఎక్స్‌పాన్షన్ జాయింటు దగ్గరా ముందు ధన్‌మని దెబ్బ, దాని వెనకే కారు ముక్కు రెండు మూడుసార్లు ఊగడం. అంటే దెబ్బా తగులుతోంది, ఊపూ ఆగట్లేదు. మెత్తగా ఉంటే మెత్తగా ఉందనుకోవచ్చు, గట్టిగా ఉంటే స్పోర్ట్స్ కారు కదా అనుకోవచ్చు. రెండూ ఒకేసారి ఎందుకుంటాయి? లిఫ్టు మీద ఎక్కించి చూస్తే వెనక ఒక షాక్ ఆయిల్ కారి దుమ్ము అట్టకట్టి ఉంది. ముందు చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్ బుష్‌లో వేలు దూరేంత చీలిక.

ఎంచుకునేటప్పుడు ఎక్కువగా ఆలోచించింది షాక్ ఎంత దూరం ముడుచుకోగలదు అన్నదాని గురించే. కారుని దించితే ఆ దూరం తగ్గిపోతుంది. చివర్లో అడ్డుగా ఉండే రబ్బరు దిమ్మకి, అంటే బంప్ స్టాప్‌కి తొందరగా తగులుతుంది. బంప్ స్టాప్ మీద నడిచే కారుకి స్ప్రింగు ఉన్నా లేనట్టే. గుంటలో పడితే నడుము పట్టుకుంటుంది, మలుపు మధ్యలో గతుకు వస్తే చక్రం నేలని వదిలేసి పక్కకి గెంతుతుంది. నున్నటి రోడ్డున్న దేశంలో ఇది పెద్ద సమస్య కాకపోవచ్చు. మన దగ్గర స్పీడ్ బ్రేకర్ల సంగతే చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటేలా వేసిన లెక్క అది. మా సర్జాపూర్ రోడ్డు పక్క వీధుల్లో అంతే ఎత్తుని ఒక మీటరు వెడల్పులో కుక్కేస్తారు. రాత్రికి రాత్రి పుడతాయి, తెల్ల గీత కూడా ఉండదు.

అందుకే కాయిలోవర్లు (ఎత్తు మార్చుకునే వీలున్న స్ప్రింగు, షాక్ సెట్లు) పక్కన పెట్టాను. బిల్‌స్టైన్‌లోనే బీ8 ఉంది కానీ అది దించిన స్ప్రింగుల కోసం పొట్టిగా చేసింది. మామూలు ఎత్తుకి బీ6. మోనోట్యూబ్, అంటే ఒకే గొట్టం ఉన్న రకం; లోపల ఎక్కువ ఒత్తిడిలో గ్యాస్ ఉంటుంది కాబట్టి వరసగా గతుకులు వచ్చినా ఆయిల్ నురగ కట్టి నీరసించిపోదు. కోని అనే ఇంకో కంపెనీలో ఎఫ్‌ఎస్‌డీ షాకులు కూడా చూశాను. చిన్న చిన్న గతుకులకి మెత్తగా, ఒరుగుడుకి గట్టిగా ఉండేలా లోపల వాల్వు పెట్టారు. ఊరు దాటని కారైతే అదే తీసుకునేవాణ్ణి.

చక్రాల లెక్క మాత్రం కాగితం మీదే తేలిపోయింది. 245/40 ఆర్18 టైరుకి (245 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 40 శాతం పక్కగోడ, 18 అంగుళాల రిమ్ము) పక్కగోడ 98 మిల్లీమీటర్లు. 245/45 ఆర్17కి 110. బయటి వ్యాసంలో తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు, కాబట్టి స్పీడోమీటర్ మారదు. రిమ్ముకీ రోడ్డుకీ మధ్య 12 మిల్లీమీటర్ల రబ్బరు, గాలి అదనంగా వచ్చాయి. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 వేయించాను. 18 మీద ఉన్నప్పుడు రిమ్ము వంగి రిపేరుకి వెళ్ళడం మామూలైపోయింది; 17 మీద ఇంతవరకూ వంగలేదు. మొత్తం పనిలో పెట్టిన డబ్బుకి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఏదంటే నేను షాకులు అనను, టైర్లే అంటాను. కారు అందం కొంచెం తగ్గిన మాట నిజం. చక్రం పైనున్న ఆర్చ్‌లో ఖాళీ కనిపిస్తుంది. నేను లోపల కూర్చుంటాను కాబట్టి నాకు కనిపించదు.

బిగించిన కథ వేరే. మొదట చేసిన గ్యారేజీ పేరున్నదే. కారు చేతికొచ్చిన వారంలోనే ముందు వైపు కిర్రుకిర్రుమని మొదలైంది, ఊళ్ళో రైడ్ అనుకున్నంత మెత్తబడలేదు. వాళ్ళని అడిగితే "బిల్‌స్టైన్ అంటే అంతే సార్, సెట్ అవుతుంది" అన్నారు. నెల గడిచినా సెట్ కాలేదు. హొసకోటె దగ్గర పలమనేరు అబ్బాయి ఒకడు చిన్న షెడ్డు నడుపుతాడు, అక్కడ చూపించాను. కింద దూరి టార్చ్ వేసి చూసి, "గాల్లో యాలాడతా ఉన్నప్పుడే బిగించేసినారన్నా. బుష్‌లు మెలిపడిపోయిండాయి" అన్నాడు. లోయర్ ఆర్మ్ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బోల్టు బిగిస్తే, కారు నేల మీదకి దిగగానే ఆ రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. రైడ్ గట్టిబడుతుంది, రబ్బరు తొందరగా చీలుతుంది. అతను బోల్టులన్నీ వదులు చేసి, కారు బరువు చక్రాల మీద పడ్డాక మళ్ళీ బిగించాడు. కొన్ని బోల్టులు ఒకసారి విప్పితే మళ్ళీ వాడకూడదని కొత్తవి తెప్పించాడు. ఆ తర్వాతే అలైన్‌మెంట్. ఆ సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు ఇదేనా ఆ కారు అనిపించింది. మీరు ఏ కంపెనీ షాకులు కొన్నా, బోల్టులు ఎప్పుడు బిగిస్తున్నారో పక్కన నిలబడి చూడండి.

ఇక నడక. ఫ్లైఓవర్ జాయింట్ల మీద ఇప్పుడు టప్ అని ఒక్క శబ్దం, అక్కడితో సరి, ఊపు లేదు. మదనపల్లెకి చింతామణి మీదుగా వెళ్తాం. ఆ దారిలో తారు మీద తారు వేసిన అతుకులు చాలా ఉంటాయి, పాత షాకులతో 80 దాటితే స్టీరింగు చేతిలో గింజుకునేది. ఇప్పుడు చక్రాలు వాటి పని అవి చేసుకుంటాయి, కారు మాత్రం కదలదు. హార్సిలీ హిల్స్ ఘాట్ (మా అమ్మకి ఇప్పటికీ ఏనుగు మల్లమ్మ కొండే) దాదాపు 1265 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తుంది. అక్కడి హెయిర్‌పిన్ మలుపుల్లో తేడా బాగా తెలుస్తుంది. బ్రేక్ వదిలి స్టీరింగు తిప్పగానే ముందు చక్రాలు పట్టుకుంటాయి, మలుపు మధ్యలో గతుకు వచ్చినా గీత తప్పదు. కారు ఒరుగుతుంది, కాదనను. కంపెనీ స్ప్రింగులే కదా. కానీ ఒకే ఊపులో ఒరిగి అక్కడే నిలుస్తుంది. అమ్మకి ఇంతకు ముందు ఘాట్ ఎక్కితే తల తిరిగేది. పోయినసారి కొండ మీద దాకా మాట్లాడుతూనే ఉంది, దిగాక "టైర్లు మార్చినావా నాయనా?" అంది.

నచ్చనివి కూడా ఉన్నాయి. 20, 30 వేగంలో పేవర్ బ్లాకులు పరిచిన వీధులు, రోడ్డుకన్నా కిందకి దిగిపోయిన మ్యాన్‌హోల్ మూతలు బీ6తో బాగా తెలుస్తాయి. వేగం పెరిగేకొద్దీ మెరుగుపడే షాక్ ఇది, బెల్లందూరు ట్రాఫిక్కులో దాని గొప్పతనం కనిపించదు. నడుము నొప్పి ఉన్నవాళ్ళు ముందు వేరేవాళ్ళ కారులో ఒక రౌండు తిరిగి చూడండి.

ఖర్చు విషయానికొస్తే, షాకులు, బుష్‌లు, మౌంట్లు, కూలీ అన్నీ కలిపినా మంచి కాయిలోవర్ కిట్టుకి అడిగినదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. టైర్లు వేరే. చట్టం సంగతి కూడా చూసుకోవాలి. కంపెనీ స్పెసిఫికేషన్లకి తేడా వచ్చే మార్పుల్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. నా కారులో ఎత్తు మారలేదు, టైరు బయటి కొలత మారలేదు, అందుకని ఆ టెన్షన్ లేకుండా తిరుగుతున్నాను. అయినా ఇన్సూరెన్స్ వాళ్ళకి రాసి పెట్టాను.

ఈ మధ్య వెనక ఎడమవైపు స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు సన్నగా ఒక శబ్దం వస్తోంది. స్ప్రింగు కింద ఉండే రబ్బరు సీటు అయ్యుంటుందని పలమనేరు అబ్బాయి అంటున్నాడు. షాకులతో పాటే అవీ మార్చేయాల్సిందట, చిన్న సామానే. మీరు చేయించేటప్పుడు లిస్టులో రాసుకోండి.