గోవా అనుకుని సూర్యలంక వెళ్లొచ్చాం

గురువారం రాత్రి పదకొండున్నరకు నా ఆఫీసు కాల్ అయ్యింది. ల్యాప్‌టాప్ మూసి చూస్తే మా ఆయన సోఫాలోనే నిద్రపోయాడు. పక్కన ముట్టుకోని పెరుగన్నం గిన్నె. నెల రోజులుగా ఇద్దరిదీ ఇదే బతుకు. "రేపు సగం రోజు లీవు పెట్టు, సముద్రం దగ్గరికి పోదాం" అని లేపి మరీ చెప్పాను. ఆయన ఇంకా కళ్లు నులుముకుంటుండగానే పక్క గదిలోంచి అత్తయ్య, "నేనూ వస్తా" అంది.

గోవాకి ఐదుగురి టికెట్లు చూసేసరికి ఆఫీసు టెన్షనే నయమనిపించింది. హైదరాబాద్ నుంచి విశాఖ ఆరు వందల కిలోమీటర్ల పైమాట. బాపట్ల, చీరాల వైపైతే 300 కిలోమీటర్ల దగ్గర. రాత్రి రైళ్లున్నాయి గానీ, ముందురోజు చూస్తే బెర్తులెక్కడివి? కారే దిక్కయింది.

విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాకా వెళ్లి, అక్కడ అద్దంకి రోడ్డు పట్టుకోవాలి. నల్గొండ, మిర్యాలగూడ, వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే దాచేపల్లి, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట. రోడ్డు బాగుంది. తిండికి మాత్రం విజయవాడ దారిలో ఉన్నన్ని హోటళ్లు లేవు. అత్తయ్య కట్టిన పులిహోర పొట్లమే మమ్మల్ని కాపాడింది. పిడుగురాళ్ల సున్నం బట్టీలు దాటేసరికి చీకటి పడింది.

మొదటి రాత్రి చీరాల దగ్గర రామాపురంలో, ఓ ప్రైవేటు రిసార్ట్‌లో దిగాం. పేరు ఎందుకులెండి. రాత్రికి ఆరు వేల పైన తీసుకుని 'సీ వ్యూ' గది ఇచ్చారు. బాల్కనీ చివర నిలబడి, నీళ్ల ట్యాంకు పక్కగా మెడ సాచితే నిజంగానే ఓ నల్లటి గీత కనిపించింది. పోనీ నిద్రపోదామన్నా ఆ యోగం లేదు, ఎందుకంటే స్విమ్మింగ్‌పూల్ పక్కన పన్నెండు దాకా డీజే. నిద్ర కోసం ఇంత దూరం వచ్చి దిండు చెవులకు అదుముకుని పడుకున్నాం. ఉదయం అడిగితే, "గ్రూపు బుకింగ్ మేడమ్" అన్నాడు కుర్రాడు. ఆ అబ్బాయి కళ్లూ ఎర్రగానే ఉన్నాయి, ఇంక ఏమంటాం.

అయితే తెల్లవారుజామున రామాపురం తీరం మాత్రం ఎంత ప్రశాంతంగా ఉందో! సరుగుడు తోటలు, వల సర్దుకుంటున్న ఇద్దరు ముగ్గురు జాలర్లు, మేము. ఇక్కడ ఈతకు దిగి మునిగిపోయిన వాళ్ల వార్తలు తరచూ వింటాం కాబట్టి పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వలేదు. దారిలో వేటపాలెంలో జీడిపప్పు కొన్నాం. 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడే ఉంది. చూడాలని నాకు చాలా ఉబలాటం, కానీ వెనక సీట్లో ఇద్దరు పిల్లలు "సముద్రం, సముద్రం" అంటుంటే పుస్తకాల మాట ఎవరు వింటారు?

శనివారం మధ్యాహ్నానికి సూర్యలంక చేరాం. బాపట్ల ఊరికి తొమ్మిది కిలోమీటర్లే. హరిత రిసార్ట్‌లో అదృష్టవశాత్తూ ఒక కాటేజీ దొరికింది. గది నుంచి బయటికొచ్చి నాలుగడుగులు వేస్తే ఇసుక. నేను అడిగింది అంతే. శనివారం కదా, సాయంత్రం జనం బాగానే ఉన్నారు, మిరపకాయ బజ్జీల బండ్లు, చేపల వేపుడు పొగ. ఏకాంతం కావాలంటే ఇక్కడికి రాకండి. పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకు మాత్రం రామాపురం కన్నా ఇదే నా ఓటు. చుట్టూ మనుషులున్నారన్న ధైర్యం ఉంటుంది.

మా ఆయన ఫోను చిప్స్ ప్యాకెట్‌లో చుట్టి చెప్పుల కింద పెట్టి నీళ్లలోకి దిగాడు. అది రెండుసార్లు మోగింది. మా చిన్నోడు వెళ్లి దాని మీద ఇంకో గుప్పెడు ఇసుక పోసి వచ్చాడు. అత్తయ్య అల అంచున కూర్చుంది. కాళ్ల కింద ఇసుక జారినప్పుడల్లా, "అమ్మో, లాగేస్తోందే" అని నా చెయ్యి పట్టుకునేది, లేవమంటే లేచేది కాదు. చీకటి పడేదాకా అంతే. ఆ రాత్రి తొమ్మిదికే అందరం నిద్రపోయాం.

తిరుగు ప్రయాణానికి ఒక్క మాట. ఆదివారం టిఫిన్ అవగానే బయల్దేరండి. సాయంత్రమైతే పంతంగి టోల్‌గేట్ దగ్గర హైదరాబాద్ అంతా మీ ముందే ఉంటుంది.

మేం వాడపల్లిలో ఆగాం. సంగమం నీళ్లు పిల్లల తలల మీద చల్లాలని అత్తయ్య మెట్లు దిగింది. "ఇక్కడ కృష్ణలో కలిసేది మన మూసీయే" అని మా ఆయన ఊరుకోకుండా చెప్పాడు.

"ఏ మూసీ? చాదర్‌ఘాట్ కిందదా?"

"అదే."

అత్తయ్య చేతిలోని నీళ్లు వదిలేసి, రెండు మెట్లు పక్కకు జరిగి, కృష్ణ వైపు మొహం పెట్టి మళ్లీ దోసిలి పట్టింది.