వర్చువల్ మెషీన్లకు ఐపీఎక్స్‌ఈ: సొంత రోమ్ బిల్డ్ చేయడం లాభమేనా?

వర్చువల్ మెషీన్లను నడిపే క్యూఈఎంయూతో పాటు వచ్చే నెట్‌వర్క్ బూట్ రోమ్ (నెట్‌వర్క్ నుంచి మెషీన్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) కూడా ఐపీఎక్స్‌ఈయే. 2010లో జీపీఎక్స్‌ఈ నుంచి విడిపోయిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది. టీఎఫ్‌టీపీ (సాదా ఫైల్ బదిలీ పద్ధతి) నుంచి ఒక ఫైల్ తెచ్చుకుంటే చాలు అనుకునేవాళ్లకు ఆ రోమ్ సరిపోతుంది. బూట్ స్క్రిప్టు లోపలే ఉండాలి, కెర్నల్ (ఓఎస్ మూల భాగం) సొంత సర్టిఫికెట్‌తో హెచ్‌టీటీపీఎస్ మీద రావాలి అంటే మాత్రం బిల్డ్ చేసుకోవాల్సిందే.

బిల్డ్ తేలికే. జీసీసీ, మేక్, పెర్ల్, ఎల్‌జెడ్‌ఎంఏ కంప్రెషన్ లైబ్రరీ హెడర్లు ఉంటే చాలు. చాలామందికి మొదట ఆగిపోయేది ఆ హెడర్ల దగ్గరే. బయాస్ (పాత తరహా ఫర్మ్‌వేర్) బిల్డుల్లో హెచ్‌టీటీపీఎస్ ఆన్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే బూట్ సమయంలో "ఆపరేషన్ నాట్ సపోర్టెడ్" అని మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు. హెచ్‌టీటీపీఎస్ ఆన్ చేయడం లాంటి మార్పులన్నీ కాన్ఫిగ్ కింద లోకల్ ఫోల్డర్‌లో రాస్తే కొత్త కోడ్ తెచ్చుకున్నప్పుడు చెరిగిపోవు. సర్టిఫికెట్‌ను ట్రస్ట్ ఆప్షన్‌తో, స్క్రిప్టును ఎంబెడ్ ఆప్షన్‌తో ఇవ్వాలి. స్క్రిప్టులో డీహెచ్‌సీపీతో ఐపీ అడ్రస్ తీసుకోవడం, సర్వర్లోని మెనూ ఫైల్‌కు దాటడం (చైన్), అది విఫలమైతే కమాండ్ షెల్, అంతే. మెనూను రోమ్‌లో పెడితే చిన్న మార్పుకూ మళ్లీ బిల్డ్ చేయాలి.

అసలు చిక్కు డివైస్ నంబర్ దగ్గర. అందరూ వర్ట్ఐఓ (వర్చువల్ నెట్‌వర్క్ కార్డు) కోసం 1ఏఎఫ్41000 (తయారీదారు ఐడీ 1ఏఎఫ్4, డివైస్ ఐడీ 1000) టార్గెట్ బిల్డ్ చేస్తారు. క్యూఈఎంయూ అందించే క్యూ35 రకం మెషీన్‌లో కార్డు పీసీఐ ఎక్స్‌ప్రెస్ పోర్టులో ఉంటే దాని ఐడీ 1041. క్యూఈఎంయూ తన సొంత రోముల్లో ఐడీని సరిదిద్దుతుంది గానీ, రోమ్‌ఫైల్ ఆప్షన్‌తో మనమిచ్చిన దాన్ని ముట్టుకోదు. ఐడీ కలవక, క్యూఈఎంయూ వాడే బయాస్ అయిన సీబయాస్ దాన్ని చప్పుడు చేయకుండా దాటేస్తుంది. 1ఏఎఫ్41041 టార్గెట్‌తో బిల్డ్ చేస్తే పని అయిపోతుంది. యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ అయిన ఓవీఎంఎఫ్‌కు ఈ బయాస్ రోమ్ పనికిరాదు, ఈఎఫ్ఐ రోమ్ వేరుగా కావాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని మన బిల్డును అది నడవనివ్వదు.

లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న మెషీన్‌ను వేరే హోస్టుకు మార్చడం) వాడేవాళ్లు ఇంకోటి గమనించాలి. రోమ్ సైజును క్యూఈఎంయూ రెండు యొక్క ఘాతమైన (2, 4, 8, 16 లాంటి) సంఖ్యకు పెంచుతుంది. రెండు హోస్టుల్లో ఆ సైజు తేడాగా ఉంటే "సైజ్ మిస్‌మ్యాచ్" అని మైగ్రేషన్ ఆగిపోతుంది. రెండు చోట్లా ఒకే ఫైల్ ఉంచాలి, లేదంటే రోమ్‌సైజ్ ఆప్షన్‌ను మొదటి నుంచే కాస్త పెద్దగా, రెండు చోట్లా ఒకేలా ఇవ్వాలి.