వశిష్ఠ మొగ నుంచి కోరంగి దాకా: నీటి మీద మా మొదటి యాత్ర

విహార నౌకలో బస చేస్తూ తీరంలోని పాత పట్నాలను చూసి రావాలన్న కోరిక మా అమ్మకు చాలా ఏళ్ళుగా ఉంది. డెబ్బై రెండేళ్ళ వయసులో మూడు రాత్రులు నడి సముద్రం మీద ఉండడానికి వైద్యులు ఒప్పుకోలేదు. సముద్రాన్ని ఆనుకుని ఉన్న మన గోదావరి డెల్టాలోనే ఆ కోరిక తీర్చాలని మావారు, నేను నిశ్చయించుకున్నాము. దిండిలో హౌస్‌బోటు మీద ఒక రాత్రి గడిపి, అక్కడి నుంచి నరసాపురం, అంతర్వేది, యానాం, కోరంగి, కాకినాడ చూసుకుంటూ ఇంటికి చేరాలన్నది మా ఏర్పాటు. డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు బట్టల వ్యాపారానికి వచ్చి గిడ్డంగులు కట్టుకున్న రేవులు చాలావరకు ఈ దారిలోనే ఉన్నాయి. సంక్రాంతి దాటిన వారంలో అమ్మ, మావారు, ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి, నేను బయలుదేరాము.

మాలాగే మొదటిసారి వెళ్ళేవారు ముందుగా తెలుసుకోవలసింది ఏమిటంటే, దిండి హౌస్‌బోటు మనలను ఒక ఊరి నుంచి మరో ఊరికి చేర్చదు. వశిష్ఠ పాయలో కొంత దూరం వెళ్ళి, కొబ్బరి తోటల పక్కగా తిరిగి, సాయంత్రానికి ఒకచోట లంగరు వేసి, మరునాడు ఉదయం బయలుదేరిన రేవుకే వస్తుంది. పట్నాలన్నీ చూడాలంటే కారు ఉండి తీరాలి. బుక్ చేసుకునేటప్పుడు ఫోనులో మాట్లాడిన వ్యక్తి "అంతర్వేది దాకా తీసుకెళ్తామండి" అన్నాడు. రేవుకు వెళ్ళాక మాత్రం అటువంటి ఏర్పాటేమీ లేదని తేలింది. ఏ రేవు నుంచి ఏ రేవు దాకా, ఎన్ని గంటలు నడుపుతారు అన్న వివరాలు ముందే రాతపూర్వకంగా తెప్పించుకుని ఉంటే మాకు ఆ నిరాశ తప్పేది.

పడవలో గడిపిన ఆ రాత్రి మాత్రం మేము పెట్టిన డబ్బుకు పూర్తిగా న్యాయం చేసింది. రెండు గదులు, వాటికి స్నానాల గదులు, ముందు భాగంలో నలుగురూ కూర్చునే వసారా ఉన్నాయి. పక్క దుప్పట్లు ఉతికినవే వేశారు. వేడినీళ్ళు ఒక గదిలో వచ్చాయి, రెండో గదిలో రాలేదు. మధ్యాహ్నం రొయ్యల ఇగురు, పనసపొట్టు కూర, ముద్దపప్పు, మజ్జిగ పులుసు వడ్డించారు. వంట మనిషి ఆ పక్క ఊరివాడే కావడంతో పనసపొట్టుకు ఆవ పెట్టిన తీరు ఇంట్లో చేసినట్టే ఉంది. పులస గురించి అడిగినవారికి, అది వరద నీరు దిగే రోజుల్లోనే తప్ప జనవరిలో దొరకదని ఆయన ఓపికగా చెప్పాడు. అద్దె భోజనాలతో కలిపి, రాజమహేంద్రవరంలో ఒక మంచి హోటల్లో రెండు రాత్రులు ఉండడానికి అయ్యేంత అయింది.

భద్రత విషయంలో నాకు అంత తృప్తి కలగలేదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటక లాంచీ మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయిన తరువాత, గోదావరి మీద పడవ ఎక్కే ఎవరైనా మొదట లైఫ్ జాకెట్ కోసమే చూస్తారు. మా పడవలో జాకెట్లు ఉన్నాయి కాని అవి వెనుక అలమారలో, కుర్చీల చాటున ఉన్నాయి. అడిగిన తరువాతే తీసి ఇచ్చారు. అమ్మకు సరిపోయే కొలత ఒక్కటీ లేదు. సరంగు చేతిలో చుక్కాని ఎంత నిలకడగా ఉన్నా, ఈ లోటును చిన్నదిగా తీసుకోలేను.

ఆ సరంగుకు ఏటి స్వభావం బాగా తెలుసు. ఉదయం ఎనిమిది దాటినా పడవ కదలకపోవడంతో అమ్మ వెళ్ళి కారణం అడిగింది. "పోటు ఎక్కేదాకా ఆగాలండి మామ్మగారూ, ఇప్పుడు కదిలితే మేట మీద కూర్చుండిపోద్దండి. మీరు కాఫీ తాగండి, గంటలో నీరు వచ్చేత్తాది" అన్నాడాయన. నది మోసుకొచ్చే ఒండ్రు ఏడాదికొక చోట మేట వేస్తుందని, నిరుడు పడవ నడిచిన దారి ఈ ఏడు ఉండదని వివరించాడు. ఈ యాత్రలో మేము చూసిన ప్రతి రేవు కథా ఆయన మాటలోనే ఉందని తరువాత తెలిసింది.

చించినాడ వంతెన మీదుగా వశిష్ఠ దాటి నరసాపురం చేరాము. పదిహేడవ శతాబ్దంలో ఇక్కడ సముద్రయానానికి పనికివచ్చే ఓడలు కట్టేవారు. ఎగువ మన్యం నుంచి ఏటి మీద తేలివచ్చే కలప, తరతరాలుగా పని తెలిసిన వడ్రంగులు, పక్కనే ఏరు సముద్రంలో కలిసే మొగ ఉండడంతో ఇంగ్లీషు వర్తకులు కూడా తమ ఓడలను ఇక్కడ కట్టించుకున్నారు. ఊరిని ఆనుకుని ఉన్న మాధవాయిపాలెంలో వారి గిడ్డంగి ఉండేది. అక్కడి నుంచి వెళ్ళిన నూలుబట్టకు ఐరోపాలో ‘మాదపోలం’ అన్న పేరే స్థిరపడింది. ఇంత చరిత్ర ఉన్న రేవులో దానిని తెలిపే బోర్డు ఒక్కటీ మా కంట పడలేదు. అడిగితే చెప్పే గైడూ దొరకలేదు. చదువుకుని వెళ్ళకపోతే, ఆటోలు బారులు తీరిన బల్లకట్టు లాంటి పంటు ఆగే ఒక మామూలు రేవును చూశామనుకుని వచ్చేసేవాళ్ళము.

ఊళ్ళో మాకు ఎక్కువ సంతోషం కలిగించినది లేసు అల్లిక. పందొమ్మిదవ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ పనిని చుట్టుపక్కల పల్లెల్లో వేలాది ఆడవారు ఇళ్ళ అరుగుల మీద కూర్చుని చేస్తున్నారు. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక ఇంట్లో అమ్మ బల్ల గుడ్డ ఒకటి కొన్నది. అదే పని పట్నపు దుకాణంలో ఎంతకు అమ్ముతారో తెలుసు కనుక, అల్లిన ఆమెకు దక్కుతున్నది ఎంత తక్కువో అర్థమై అమ్మ బేరమాడలేదు.

నరసాపురంలోని మా లాడ్జి గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. శుభ్రంగా ఉంది, దోమలు ఎక్కువ, దోమతెర అడిగితే ఇచ్చారు.

మరునాడు మాధవాయిపాలెం రేవులో కారుతో సహా పంటు ఎక్కి సఖినేటిపల్లి చేరాము. పది నిమిషాల ప్రయాణమే అయినా, హౌస్‌బోటు కన్నా ఇదే నాకు అసలైన ఓడ ప్రయాణంలా తోచింది. పాలక్యానులు, కొబ్బరి గెలలు, బడి పిల్లలు, పెళ్ళివారు అందరూ ఒకే బల్లకట్టు మీద నిలబడి దాటుతుంటారు. కూర్చోవడానికి చోటు తక్కువ కనుక పెద్దవారిని కారులోనే ఉంచడం మంచిది.

అంతర్వేదిలో వశిష్ఠ పాయ సముద్రంలో కలుస్తుంది. లక్ష్మీనరసింహస్వామి ఇప్పటి ఆలయాన్ని ఓడల వర్తకుడైన కొపనాతి కృష్ణమ్మ 1823లో పూర్తి చేయించాడు. సముద్రం మీద సంపాదించిన ధనం సముద్రపు ఒడ్డున గుడిగా నిలిచిందన్న ఆలోచన, పశ్చిమ ముఖంగా ఉన్న స్వామి ముందు నిలబడినప్పుడు నన్ను కదిలించింది. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోగా, 2021 రథోత్సవానికి తయారైన కొత్త రథాన్ని కూడా చూశాము. భీష్మ ఏకాదశి కల్యాణ దినాల్లో లక్షల మంది వస్తారు కనుక, వృద్ధులతో వెళ్ళేవారు మేము వెళ్ళినట్టు మామూలు రోజుల్లోనే వెళ్ళాలి. ఏరు, సముద్రం కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర రెండు రంగుల నీళ్ళ మధ్య గీత స్పష్టంగా కనిపించింది. అక్కడ మా అబ్బాయి గంటసేపు కదలలేదు. స్త్రీలు బట్టలు మార్చుకోవడానికి తగిన గది, శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటే ఆ గంట అమ్మకు కూడా సుఖంగా గడిచేది.

అమలాపురం మీదుగా ఎదుర్లంక చేరి, గోదావరి మరో పాయ గౌతమి మీద బాలయోగి వారధి దాటితే యానాం. మా అమ్మమ్మ పెళ్ళి జరిగింది ఈ ఊళ్ళోనే. 1930లో శారదా చట్టం అమలులోకి వచ్చాక ఇంగ్లీషువారి ఏలుబడిలో బాల్యవివాహాలు నేరమయ్యాయి. చట్టం వర్తించని ఫ్రెంచి యానానికి చుట్టుపక్కల జిల్లాల వారు పిల్లలను తీసుకువచ్చి పెళ్ళిళ్ళు చేసేవారు. అందువల్లనే యానానికి కళ్యాణపురం అన్న పేరు వచ్చింది. తొమ్మిదేళ్ళ తన తల్లిని పడవలో కూర్చోబెట్టి రాత్రికి రాత్రి ఏరు దాటించారని అమ్మ చెబుతుండగా, ఊరి వీధులు వేరుగా కనిపించాయి. 1723లో ఫ్రెంచివారు ఇక్కడ మొదట గిడ్డంగి పెట్టారు, నాలుగేళ్ళకు వదిలేసి 1731లో తిరిగి వచ్చారు. 1954 జూన్ 13న వారి పాలన ముగిసింది, చట్టబద్ధమైన విలీనం 1962 ఆగస్టు 16న జరిగింది.

ఈ యాత్రలో యానానిదే చక్కని నిర్వహణ. గౌతమి ఒడ్డున నడిచే దారి విశాలంగా ఉంది, దీపాలు వెలుగుతున్నాయి, కూర్చునే బల్లలు విరిగిలేవు. మేము దిగిన హోటలు గది నుంచి ఏరు కనిపించింది, పనివారు మర్యాదగా ఉన్నారు. పుదుచ్చేరి పాలనలో ఉన్న ఊరు కావడంతో మద్యం కోసమే వచ్చేవారు శని, ఆదివారాల్లో ఎక్కువ. ఆ సంగతి తెలియక శనివారం దిగిన మాకు అర్ధరాత్రి దాకా కింది అంతస్తు కేకలతో నిద్ర లేదు. కుటుంబంతో వెళ్ళేవారు మంగళవారం చేరుకుంటే, ఫ్రెంచివారి కాలం నుంచి పేరున్న సంత కూడా చూడవచ్చు.

యానాం నుంచి కాకినాడ వెళ్ళే దారిలో ఉన్న కోరంగి కోసమే ఈ యాత్ర మళ్ళీ చేయమన్నా చేస్తాను. ఒకప్పుడు తూర్పు తీరంలో పేరు పొందిన ఓడరేవు ఇది. ఇక్కడ ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. పొట్టకూటి కోసం వేలాది తెలుగువారు ఇక్కడి నుంచి రంగూన్ ఓడలెక్కారు. అందుకే బర్మాలో తెలుగువారందరినీ ‘కోరంగీలు’ అని పిలిచేవారు. 1789 డిసెంబరు తుపానులో సముద్రం ఒకదాని వెంట ఒకటిగా మూడు పెద్ద అలలై ఊరి మీద పడింది. 1839 నవంబరులో వచ్చిన తుపాను మళ్ళీ ముంచింది. ‘సైక్లోన్’ అన్న మాటను 1840ల్లో పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి విపత్తును తన రచనల్లో నమోదు చేశాడు. తుపానులను తట్టుకుని మళ్ళీ లేచిన రేవును చివరకు గౌతమి ఒండ్రు మెల్లమెల్లగా పూడ్చివేసింది. ఓడ లోతు పోయాక వ్యాపారమంతా కాకినాడకు తరలింది.

ఇప్పుడు అక్కడ ఉన్నది మడ అడవి. 1978లో ప్రకటించిన అభయారణ్యం సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉంది. నల్లమడ, తెల్లమడ, తిల్ల చెట్ల మధ్యగా వేసిన చెక్క వంతెన మీద అమ్మ చేతికర్ర సాయంతో చివరి దాకా నడవగలిగింది. బురదలోంచి మేకుల్లా పైకి వచ్చిన ఊపిరి వేళ్ళు, వాటి మధ్య ఎర్రని పీతలు, మునిగి తేలే నీటిబాతులు కనిపించాయి. ఇక్కడ జాకెట్ కట్టుకోనిదే పడవ కట్టు విప్పేది లేదని సిబ్బంది ఖచ్చితంగా చెప్పారు, అమ్మకు సరిపోయేది వెతికి తెచ్చి స్వయంగా కట్టారు. దిండిలో నేను ఆశించినది ఇదే.

పడవ మాత్రం మొగ దాకా వెళ్ళలేదు. నీరు తీసే వేళ కావడంతో కాలువ సగంలోనే వెనక్కు తిప్పారు. హోప్ ఐలాండ్‌ను దూరం నుంచైనా చూడాలన్న మా అబ్బాయి ఆశ నెరవేరలేదు. గౌతమి ఒండ్రు పేరుకునే పుట్టిన ఆ ఇసుక దీవి ఇప్పుడు కాకినాడ రేవుకు అలల నుంచి అడ్డుగోడగా నిలిచి ఉంది. కోరంగిని పూడ్చిన మట్టే కాకినాడను కాపాడుతున్నదని విన్నప్పుడు అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

చివరిరోజు కాకినాడలో ఎక్కువసేపు ఉండలేకపోయాము. 1825 దాకా డచ్చివారి చేతిలో ఉన్న జగన్నాథపురంలో, ఉప్పుటేటి వంతెన మీద కారు ఆపించి పడవల బారును చూశాము. కాజాలు కొనుక్కుని, చీకటి పడకముందే రాజమహేంద్రవరం దారి పట్టాము. కోరంగి పడవ నడిపినతను టిక్కెట్టు వెనుక రాసి ఇచ్చిన రెండు పున్నమి తేదీలు అమ్మ సంచిలో ఉన్నాయి. ఆ రోజుల్లో పోటు బాగా ఎక్కుతుందని, ఉదయమే వస్తే మొగ దాకా తీసుకువెళ్తానని ఆయన మాట ఇచ్చాడు.