కొట్టాయంలో అరామిక్: చూసేది ఎంత, వినేది ఎంత

ఏసు మాట్లాడిందంటారే, ఆ పాత పశ్చిమాసియా భాష అరామిక్ వినడానికి సిరియా దాకా పోనక్కర్లేదు. శబరిమల వెళ్ళే మనవాళ్ళు దిగే కొట్టాయంలోనే దాని శాఖ సిరియాక్ ఇంకా చర్చి ఆరాధనలో ఉంది. ఒకప్పుడు ఎడెస్సా (నేటి టర్కీలోని ఉర్ఫా) పట్టణంలో మాట్లాడిన అరామిక్ అది. సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ నేరుగా పోతుంది. నవంబరు సగం నుంచి జనవరి సగం దాకా మాత్రం వద్దు: బెర్తులూ గదులూ స్వాములతోనే నిండిపోతాయి.

ఒక్క పూటే ఉంటే దాన్ని తాళత్తంగాడిలోని వలియపళ్ళికే ఇవ్వండి. 1550లో కట్టిన క్నానాయ (కేరళ సిరియన్ క్రైస్తవుల్లో ఒక వర్గం) చర్చి. లోపల రెండు పాత రాతి శిలువలున్నాయి. రెంటి మీదా ఉన్నది సిరియాకే అనుకుంటే పొరపాటు. శిలువ చుట్టూ అంచు వెంట చెక్కింది పహ్లవీ, అంటే నడిమికాలపు పారశీకం. సిరియాక్ వాక్యం ఒకదాని మీదే ఉంది, గలతీయులకు రాసిన పత్రిక 6:14లోది. సిరియాక్ పాత లిపి ఎస్ట్రాంగెలాలో ఉంది, కుడి నుంచి ఎడమకు చదవాలి. ఆ మాటకొస్తే పహ్లవీ లిపి కూడా అరామిక్ లిపి బిడ్డే. పారశీక లేఖకులు అరామిక్‌లో ‘మల్కా’ అని రాసి ‘షా’ అని చదివేవారు! దాన్ని దర్బారు భాషగా వాడిన పాత పారశీక సామ్రాజ్యం పోయాక కూడా రాతలో అరామిక్ ఎలా మిగిలిందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

దగ్గర్లోనే ఉన్న చెరియపళ్ళి (1579) గోడల మీది బొమ్మల కోసం బాగుంటుంది. అక్షరాల కోసమే వచ్చినవాళ్ళకు అరగంట చాలు.

వినాలంటే ఆదివారం పొద్దున కుర్బానాకు, అంటే చర్చి ఆరాధనకు వెళ్ళాలి. మన కుర్బానీకి ఇది చుట్టమే. పూర్తిగా సిరియాక్‌లో ఉంటుందని ఆశ పడొద్దు, ఎక్కువ భాగం మలయాళమే. ‘బారెక్‌మోర్’ (దీవించండి, ప్రభూ) లాంటి మాటలు మధ్యమధ్య దొర్లుతాయి. ‘కురియేలాయిసోన్’ (ప్రభూ, కరుణించు) మాత్రం గ్రీకు. సిరియాక్ పలకడంలో పడమటి పద్ధతివాళ్ళు దేవుణ్ణి ‘అలోహో’ అంటారు, తూర్పు పద్ధతివాళ్ళు ‘అలాహా’. చెవిన పడింది ఏ సంప్రదాయమో ఆ ఒక్క అచ్చుతోనే తేలిపోతుంది. చెప్పులు బయట విడిచి, వెనక నిలబడాలి. ఫొటోలు ఆరాధన అయ్యాకే, అదీ అడిగి.

నేర్చుకోవాలనుకునేవాళ్ళకు బేకర్ హిల్ మీద సెయింట్ ఎఫ్రెమ్ పరిశోధనా సంస్థ ఉంది, 1985లో మొదలైంది. సిరియాక్‌లో ఎం.ఏ. దాకా చెబుతారు. ముందే ఉత్తరమో ఫోనో చేసి, పనిరోజున వెళ్ళండి.

బస టౌన్లోనే మేలు. కుమరకం రిసార్టులు సుమారు 15 కిలోమీటర్ల దూరం. ఆదివారం తెల్లవారే చర్చికి చేరాల్సినవాళ్ళకు అక్కడి ఖరీదు దండగ.