‘హెవీ హిట్టర్’ పేరుతో అమ్మే డ్రమ్ స్టిక్స్, స్టాండ్లు కొనేవారికి ఒక హెచ్చరిక

డ్రమ్స్ మీద చేయి బరువుగా పడేవారు ‘హెవీ హిట్టర్’ అన్న ముద్ర చూసి సరుకు కొనబోతుంటే, డబ్బు కట్టేముందు నా అనుభవం ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. ఆరు నెలల క్రితం ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర 2బి అనే లావు సైజులో హికరీ (ఒక గట్టి చెక్క) స్టిక్స్ పన్నెండు జతలు, వాటితో కలిపి అమ్ముతున్న ఒక క్రాష్ స్టాండు (పెద్ద మోతకు కొట్టే క్రాష్ సింబల్‌ను, అంటే కంచు పళ్లాన్ని, నిలిపేది) తెప్పించుకున్నాను. స్టిక్స్ ఆరు వారాల్లో అయిపోయాయి. స్టాండు మాత్రం చెక్కుచెదరలేదు కానీ, చాలా ఏళ్లుగా జాగ్రత్తగా వాడుకుంటున్న నా సింబల్‌ను పాడుచేసింది. రెండు ఫిర్యాదులకూ వచ్చిన జవాబు ఒక్కటే: “మీరు గట్టిగా కొడతారు కదండీ.” గట్టిగా కొట్టేవారి కోసమే తయారైందని చెప్పి అమ్మిన వస్తువు గురించి ఈ మాట వినవలసి వచ్చింది.

స్టిక్ విరగడమే నేరమని నేను అనడం లేదు. మంచి హికరీ స్టిక్ అయినా రిమ్‌షాట్లకు (డ్రమ్ ముఖాన్నీ అంచునూ ఒకేసారి కొట్టే దెబ్బలకు) డ్రమ్ చుట్టూ ఉండే హూప్ అంచు తగిలి నడుమ నలుగుతుంది, హై-హ్యాట్ (కాలితో మూసే జంట సింబల్స్) అంచు కొరికి మెడ దగ్గర రంపపు పళ్లలా లేస్తుంది, రోజురోజుకూ సన్నబడుతుంది. దాని పని అయిపోవచ్చిందని చేతికి ముందే తెలుస్తుంది. ఈ సరుకు అలా కాదు. మొదటి జతను రిహార్సల్‌లో తీసి మూడో పాటలో ఉండగా, ఒంటి మీద గీత కూడా పడని స్టిక్ ఒకటి రెండుగా చీలి, పై ముక్క ఫ్లోర్ టామ్ అనే పెద్ద డ్రమ్ మీదుగా ఎగిరి బేస్ వాయించే మిత్రుడి చెవి పక్క నుంచి పోయింది. ఇంకొక అంగుళం ఇటు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే భయం వేసింది. చేతిలో మిగిలిన ముక్క చూస్తే, కలం ములుకు చెక్కినట్టు ఏటవాలుగా, నున్నగా తెగి ఉంది. చెక్క నార స్టిక్ పొడవునా నిటారుగా సాగవలసింది పోయి, జానెడు లోపే ఒక పక్క నుంచి రెండో పక్కకు జారి బయటకు వచ్చేసింది. అలాంటి కర్ర ఎంత లావున్నా నార వెంటే చీలుతుంది. లావుగా ఉంటే చాలు, బలం అదే ఉంటుందన్న నా నమ్మకం అక్కడే పోయింది.

మిగిలినవాటిని ఆ రాత్రి వంటింట్లోని డిజిటల్ కాటా మీద ఒక్కొక్కటిగా తూచాను. అన్నింటిలో తేలికది 49 గ్రాములు, బరువైనది 66 గ్రాములు. ఒకే జతగా కట్టి ఉన్న రెండింటి మధ్య 11 గ్రాముల తేడా వచ్చింది. తర్వాత ఒక్కొక్కదాన్ని వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని మరో స్టిక్‌తో తట్టి చూశాను. జతలోని రెండూ ఇంచుమించు ఒకే స్థాయిలో మోగాలి. వీటిలో ఒకటి టంగుమంటే, రెండోది తడిసిన కర్రలా మొద్దుగా పలికింది. బల్ల మీద దొర్లిస్తే నాలుగు తూలుకుంటూ పోయాయి. బాస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో టింపనీ (గిన్నె ఆకారపు పెద్ద డ్రమ్స్) వాయించిన విక్ ఫర్త్ 1960లలో తన సొంత స్టిక్స్ తయారీ మొదలుపెట్టిన నాటి నుంచి, జతలను బరువు, స్థాయి చూసి కలపడం పేరున్న తయారీదారులకు ఒక పద్ధతిగా మారింది. నేను కొన్న జతల్లో ఎవరో దొరికినవి దొరికినట్టు రెండేసి తీసి రబ్బరు బ్యాండు వేశారంతే. ఆ చెక్క నిజంగా హికరీయేనా అన్న అనుమానం కూడా నాకు తీరలేదు, ఎందుకంటే ఆ 49 గ్రాములది 2బి లావుకు మరీ తేలిక.

అంకెల గురించి కూడా ఒక మాట చెప్పాలి. స్టిక్ సైజు చెప్పే 7ఎ, 5ఎ, 5బి, 2బి అన్నవి అంతటా ఒకే కొలతకు కట్టుబడిన గుర్తులు కావు. విక్ ఫర్త్ 5ఎ లావు 0.565 అంగుళాలైతే ప్రోమార్క్ అనే మరో కంపెనీ 5ఎ లావు 0.551 అంగుళాలు. కాబట్టి కొనే ముందు లావు, పొడవు, చెక్క రకం అంకెల్లో అడగండి; అవి చెప్పలేనివాడు తాను అమ్మే సరుకును తానే చూడలేదని అర్థం. మేపుల్ తేలిక, గట్టి చేతికి తొందరగా లొంగిపోతుంది. ఓక్ బరువు, కానీ దెబ్బ అదురు చేతికి ఎక్కువ తెలుస్తుంది. నైలాన్ టిప్ (స్టిక్ కొన) రైడ్ సింబల్ మీద స్పష్టంగా పలుకుతుంది గానీ, నాసిరకం జిగురుతో అంటించినది ఊడి ఎటు పోతుందో చెప్పలేము.

అసలు నష్టం స్టాండు వల్ల జరిగింది. సింబల్ నడిమి రంధ్రం లోహపు మరలకు తగలకుండా స్టాండు పైన ఒక ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది; కింద, పైన ఫెల్ట్ బిళ్లలు ఉంటాయి. నా స్టాండుకు వచ్చిన గొట్టం సింబల్ రంధ్రం దాకా అందనంత పొట్టిగా ఉన్న సంగతి నేను గమనించలేదు, ఇది నా పొరపాటే. మూడు నెలల తర్వాత క్రాష్ శబ్దంలో సన్నని జీర వినిపించి విప్పి చూస్తే, రంధ్రం గుండ్రదనం పోయి తాళపు కన్నంలా ఒక పక్కకు సాగి ఉంది, దాని మూల నుంచి వెంట్రుకంత బీట బయలుదేరింది. అది 20 శాతం తగరం కలిసిన బి20 కంచు సింబల్. అలాంటిది మళ్లీ కొనడం మాటలు కాదు. సింబల్‌ను అంచు మీద తిన్నగా నరికినట్టు కొడితే బీట అంచు దగ్గర మొదలవుతుంది, అందులో కొట్టేవారి తప్పు ఉండవచ్చు. రంధ్రం దగ్గర మొదలైన బీటకు మాత్రం గొట్టం పొట్టిగా ఉండడమో, అరగడమో, లేకపోవడమో, పైమర బిగించి సింబల్‌ను ఊగనివ్వకపోవడమో కారణమవుతుంది. నా పైమర వదులుగానే ఉంది. ఈ తేడా ఫోటోలతో సహా వివరించినా అమ్మకందారు పాత పాటే పాడాడు.

స్టిక్స్ వాడితే అరిగే వస్తువులు గనుక విరిగిన తర్వాత వారంటీ సాధారణంగా వర్తించదు. వంకర ఉన్నా, జత కుదరకపోయినా దెబ్బ పడకముందే చెప్పాలి. అందుకే ప్యాకెట్ విప్పుతున్నప్పుడే వీడియో తీయండి, ప్రతి స్టిక్‌ను దొర్లించి, తట్టి, తూచి, నార ఎటు సాగిందో వెలుతురులో చూడండి. ఒక్క దెబ్బ గుర్తు పడిందంటే చాలు, ఆ తర్వాత ప్రతి లోపానికీ మీ చెయ్యే ముద్దాయి అవుతుంది. ఒకేసారి పన్నెండు జతలు కాకుండా ముందు ఒక జత తెప్పించి చూడండి. స్టాండు వస్తే సింబల్ ఎక్కించకముందే గొట్టం రెండు ఫెల్టుల మధ్య పూర్తిగా నిండుతోందో లేదో చూడండి. లేకపోతే కొత్త గొట్టం వేసుకోండి, అది చాలా చవక.

ఆ అమ్మకందారు నా ఫిర్యాదు తర్వాత వస్తువు పేరు మార్చి, అదే ఫోటోతో మళ్లీ పెట్టాడు: నల్లటి గుడ్డ మీద విసనకర్రలా పరిచిన స్టిక్స్, ఎడమ నుంచి మూడోదాని మెడ దగ్గర ముదురు మచ్చ. వివరణలో బరువు, లావు ఇప్పటికీ లేవు.