పోర్టల్ సిరలో వాయువు: ఎక్స్‌రే మేలా, అల్ట్రాసౌండ్ మేలా?

నెలలు నిండకుండా పుట్టిన పసికందుకు పాలు పట్టడం మొదలుపెట్టాక పొట్ట ఉబ్బి, పసరు వాంతులై, మలంలో రక్తం కనబడితే వైద్యులు ముందుగా శంకించే జబ్బు నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్, అంటే పేగు గోడ వాచి కుళ్లిపోవడం. దెబ్బతిన్న పేగు గోడలోకి చొరబడిన వాయువు చిన్న సిరల గుండా, పేగుల రక్తాన్ని కాలేయానికి మోసే పోర్టల్ సిరను చేరి, రక్తంతో పాటు కాలేయంలోకి పోతుంది. శిశువుల ఎక్స్‌రేలలో ఈ వాయువును 1955లోనే వర్ణించారు.

ఎక్స్‌రేను ఇంక్యుబేటర్ దగ్గరే, ఏ అర్ధరాత్రి అయినా తీయవచ్చు. పేగుకు చిల్లు పడి వాయువు పేగు బయట పొట్ట కుహరంలోకి చేరితే, శిశువును ఎడమ పక్కకు పడుకోబెట్టి తీసిన ఫిల్మ్ ఆ సంగతి సూటిగా చెబుతుంది. అయితే పోర్టల్ సిరలో వాయువు తగినంత పోగుపడితే తప్ప కాలేయం మీద కొమ్మల్లా చీలిన నల్లటి గీతలు ఏర్పడవు.

అల్ట్రాసౌండ్ బలం అక్కడే ఉంది. రక్తప్రవాహంతో కదిలిపోయే బుడగలు తెల్లని చుక్కలుగా తెర మీద కనబడతాయి. రక్తప్రవాహాన్ని తరంగంగా గీసి చూపే డాప్లర్ పెడితే, సాఫీగా సాగే పోర్టల్ సిర తరంగం మీద పైకీ కిందికీ నిటారు ముళ్లు లేచి, చిటపట శబ్దం కూడా వినవస్తుంది. పేగు గోడ మందం, దానికి రక్తం అందుతున్నదీ లేనిదీ అదే పరీక్షలో తెలుస్తాయి, పైగా రేడియేషన్ లేదు. కానీ చూసేవారి నైపుణ్యం మీదే ఫలితం ఆధారపడుతుంది. పేగుల్లో నిండిన వాయువు చూపుకు అడ్డొస్తుంది. బుడగలు వచ్చి పోతుంటాయి కాబట్టి ఒకసారి కనబడకపోతే జబ్బు లేదని కాదు.

వాయువును పట్టుకోవడం వరకే అడిగితే నా ఓటు నిస్సంకోచంగా అల్ట్రాసౌండ్‌కే. అయినా పసిబిడ్డ విషయంలో చిల్లు సంగతి తేల్చేందుకు ఎక్స్‌రేను వదలకూడదు. పెద్దల్లో పేగుకు రక్తం ఆగిందన్న అనుమానం ఉంటే, మూసుకుపోయిన రక్తనాళాన్నీ చూపే సీటీ స్కానే ముందు చేయాలి. 1978లో 64 మంది రోగుల వివరాల సమీక్షలో ఈ వాయువు ఉన్నవారిలో మరణాలు 75 శాతం. 2001 నాటి 182 మంది సమీక్షలో 39 శాతం. సున్నితమైన పరీక్షలు తేలికపాటి కారణాలను కూడా బయటపెట్టడం ఈ తేడాకు ఒక ముఖ్య హేతువు. అందుకే అల్ట్రాసౌండ్‌లో కనబడిన నాలుగు బుడగలను మాత్రమే చూసి శస్త్రచికిత్సకు తొందరపడకూడదు. శిశువుకు బొడ్డు సిరలో గొట్టం వేసి ఉంటే, వాయువు దాని ద్వారా చేరిందేమో కూడా రిపోర్టు రాసే ముందే విచారించాలి.