నావికుడి నుంచి నేవీ ఆఫీసర్: స్టా-21 మేలా, ఓసీఎస్ మేలా?

అమెరికా నేవీలో నాలుగైదేళ్లు పనిచేసిన నావికుడు ఆఫీసర్ కావాలనుకోవడానికి జీతం ఒక్కటే కారణం కాదు. డెక్ మీద తనకు బాగా తెలిసిన పనికి నిర్ణయం కూడా తానే తీసుకోవాలన్న కోరిక చాలామందిలో బలంగా ఉంటుంది. ఆ కోరిక నిజమైనదే. ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు ముందు అదే సూటిగా చెప్పాలి.

డిగ్రీ లేనివారికి స్టా-21, అంటే నావికులను చదివించి ఆఫీసర్లను చేసే నేవీ పథకం, మంచి దారి. సర్వీసులోనే ఉంటూ, పూర్తి జీతభత్యాలతో 36 నెలల్లో డిగ్రీ పూర్తిచేయాలి. ఫీజులకు, పుస్తకాలకు ఏడాదికి 10,000 డాలర్ల వరకు ఇస్తారు, మిగతాది సొంత జేబులోంచే. ముందు రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో శిక్షణ, తర్వాత నేవీ ఆర్‌ఓటీసీ (చదువుతోపాటే ఇచ్చే ఆఫీసర్ శిక్షణ) ఉన్న యూనివర్సిటీ. ఇక్కడ దెబ్బతినేది క్రెడిట్ల దగ్గర: పాత కోర్సులను యూనివర్సిటీ ఒప్పుకోకపోతే 36 నెలలు చాలవు. దరఖాస్తుకు ముందే ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సో రాయించుకోండి. చదివే కాలంలో ప్రమోషన్ పరీక్షలు ఉండవు. కమిషన్ (ఆఫీసర్ హోదా) వచ్చిన తర్వాత 5 ఏళ్లు సేవ చేయాలి.

డిగ్రీ చేతిలో ఉంటే ఓసీఎస్‌కే (ఆఫీసర్ క్యాండిడేట్ స్కూల్) వెళ్లాలి. న్యూపోర్ట్‌లో మూడు నెలల కఠిన శిక్షణతో కమిషన్ వస్తుంది. కానీ ఎంపిక ఆ ఏడాది ఏ విభాగంలో ఎన్ని ఖాళీలున్నాయన్నదాన్ని బట్టే.

ఏ దారైనా నాలుగేళ్లకు పైబడిన నావిక సర్వీసు ఉంటే ఓ-1ఈ జీతం, అంటే మామూలు కొత్త ఆఫీసర్ కంటే ఎక్కువ. గ్రీన్‌కార్డుతో చేరిన తెలుగు పిల్లలు పౌరసత్వం ముందుగా పూర్తిచేసుకోవాలి; అది లేనిదే కమిషన్ ఇవ్వరు.